నీలగజం నోట్లోకి వెళ్లిన లారీ

విరుదునగర్ స్టేషన్‌లో ఇడ్లీ తింటున్న లారీ క్లీనర్ పక్కన ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

“సముద్రం ఎట్లా ఉండాది?”

“వెనక్కి పోయింది. మనుషులే తిరిగి రాలా.”

కోడ్ సరిపోయింది. క్లీనర్ వేషంలో ఉన్నది నేవల్ ఇంటెలిజెన్స్ ఏజెంట్ వేలాయుదం. అడిగింది అతని చీఫ్ హరిహరన్.

“ఐ.ఎన్.ఎస్. నీలగజం తూత్తుకుడిలో ఉంది. యుద్ధంలో ట్యాంకుల్ని నేరుగా ఒడ్డున దించే షిప్. సునామీకి జెట్టీలు కొట్టుకుపోయిన దీవులకు ఇప్పుడు అదే దిక్కు. ఒక ఫారిన్ స్పై రింగ్ దాన్ని హార్బర్‌లోనే పేల్చబోతోంది. కోవిల్‌పట్టి రిలీఫ్ లారీ ఎక్కు. కాంటాక్ట్ శివరంజని. వాళ్ల ఏజెంట్, మనకూ ఏజెంటే.”

కోవిల్‌పట్టి గోడౌన్‌లో అందరూ తమిళంలో అరుచుకుంటున్నారు. నల్ల కళ్లద్దాలు, మెడలో ఖరీదైన కెమెరాతో ఒక యువతి వచ్చింది. శివరంజనే. వేలాయుదం పక్కగా నడుస్తూ ఇంటి తెలుగులో గొణిగింది.

“బాంబు పాలపొడి డబ్బాల్లో ఉండాది. ఏ డబ్బానో నాకు సెప్పలా.”

ఆమె కారులో ముందు వెళ్లిపోయింది. దారి పొడుగునా వేలాయుదం టిఫిన్ క్యారియర్‌లో దాచిన బాంబు డిటెక్టర్‌ను ఆన్ చేసి డబ్బా డబ్బాకూ ఆనించాడు. అది ఒక్కసారీ కూయలేదు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

నీలగజం ముందు తలుపులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. డ్రైవర్ మాడసామి లారీని ర్యాంప్ మీదుగా లోపలికి పోనిచ్చాడు. లోపల డీజిల్ పీపాల వరసలు, వాటి వెనక దీవులకు బయలుదేరిన డాక్టర్లు, నర్సులు. పీపాల ముందు నిలబడి శివరంజని కెమెరా మూత తీసింది.

వేలాయుదం ఆమె పక్కకు రాగానే టిఫిన్ క్యారియర్ కీచుమంది.

“కెమెరా ఎవురిచ్చిరి?”

“వాళ్లే. పీపాల దగ్గిర పోటో తియ్యమనిరి.” ఆమె ముఖం పాలిపోయింది. “నన్నూ సంపేదానికేనా?”

కెమెరాలోంచి టిక్ టిక్ వినిపించింది. మూత తీయడమే ట్రిగ్గర్.

అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. పట్టీ తెంపుకుని, లారీ పక్కనున్న సందులోంచి ర్యాంప్ వైపు పరుగెత్తింది. అంచున నిలబడి, బలం కొద్దీ సముద్రంలోకి విసిరింది. వేలాయుదం వెనకనుంచి ఆమెను పట్టుకుని కిందికి లాగాడు.

నీళ్లు తాటిచెట్టంత లేచి ఇద్దరి మీదా, లారీ మీదా కూలాయి. షిప్ ఒక్కసారి ఊగి, మళ్లీ నిలబడింది.

శివరంజని లేచి కూర్చుంది. వేలాయుదం తన తువ్వాలు పిండి ఆమెకిచ్చాడు.

లారీలోంచి మాడసామి తల బయటికి పెట్టాడు.

“పాలపొడి తడవలా అన్నా. దింపేదా, ఇంకేమన్నా పేల్సేది ఉండాదా?”