పచ్చగా మిగిలిన వరుస

శవం బోర్లా పడి ఉంది.

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్ భవనం వెనక, సిమెంటు గచ్చు మీద. కుడి భుజానికి బ్యాగు తగిలించే ఉంది. అందులో లాప్‌టాప్ రెండు ముక్కలైంది. టిఫిన్ బాక్సు మూత ఊడి పెరుగన్నం బ్యాగంతా కారింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాచ్‌మన్ చూశాడు. నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ విజయశ్రీ వచ్చింది.

చనిపోయినవాడి పేరు ఆరోన్. ఇరవై తొమ్మిదేళ్ల రీసెర్చ్ స్కాలర్. ఇల్లు తార్నాకలోనే. ఉదయం చర్చిలో ఆరాధన అయ్యాక, అమ్మ కట్టిచ్చిన అన్నం తీసుకుని ల్యాబ్‌కు బయల్దేరాడు. ఆ అన్నం తినలేదు.

కానిస్టేబుల్ ఇన్నయ్య తలెత్తి చూశాడు. భవనానికి బయటి మెట్లున్నాయి. మూడో అంతస్తు దగ్గర పిట్టగోడ మోకాలి ఎత్తు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

"దుంకిండు మేడమ్. ల్యాబోళ్లు గదే అంటున్నరు. ఏందో కంప్యూటర్ పని ఖరాబైందంట. టెన్షన్ల ఉన్నడంట."

"దుంకేటోడు అన్నం బ్యాగు తగిలించుకొని దుంకుతడా, ఇన్నయ్యా?"

ఇన్నయ్య మళ్లీ పిట్టగోడ వైపు చూశాడు. పదిహేనేళ్ల సర్వీసులో ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు ఆమే వెతుక్కుంటుందని అతనికి తెలుసు.

కబురు విని వచ్చినవాళ్లు ల్యాబ్‌లో ముగ్గురున్నారు. గైడ్ ప్రొఫెసర్ శ్యామలాంబ. సీనియర్ స్కాలర్ రఘువీర్. ఆరోన్‌తో కలిసి పనిచేసే నవత.

"ఏం ఖరాబైంది?" అని అడిగింది విజయశ్రీ.

నవత కళ్లు వాచి ఉన్నాయి. స్క్రీన్ ఇటు తిప్పింది.

"మాది 'గీత' అని ఒక లైబ్రరీ మేడమ్, అంటే పుస్తకాలది కాదు, రెడీమేడ్ ప్రోగ్రామ్. అంకెలిస్తే గ్రాఫు గీస్తది. ఫ్రీ. ఎవరన్నా వాడుకోవచ్చు, ఎవరన్నా బాగుచెయ్యొచ్చు. ఆరోనన్నే చూసుకుంటడు దాన్ని." ఆగింది. "చూసుకునేటోడు."

"ఏవో టెస్టులు ఫెయిలయినయని బయట అన్నరు. ఏం టెస్టులు?"

"ప్రతి గ్రాఫుకూ ఒక మోడల్ బొమ్మ ఉంటది. ఎవరన్నా ఏదన్నా మారిస్తే సర్వర్ మళ్లీ కొత్తగా గీసి, మోడల్ పక్కన పెట్టి చుక్క చుక్క పోలుస్తది. ఒక్కటే ఉంటే పచ్చ. తేడా ఉంటే ఎరుపు. లినక్స్, విండోస్, మ్యాక్, మూడు రకాల సిస్టమ్‌ల మీదా చేస్తది."

స్క్రీన్ మీద మూడు వరుసలు. మొదటి రెండూ నిండా ఎరుపు. విజయశ్రీ వాటిని చూసింది. కింద మూడో వరుసను ఇంకాసేపు చూసింది.

"ఇది ఎప్పుడైంది?"

రఘువీర్ అందుకున్నాడు. ముప్పై రెండేళ్లుంటాయి. ఇస్త్రీ మడత చెడని చొక్కా. "రెండు నలభైకి మేడమ్. ఆరోన్ తన అకౌంట్ నుంచి మోడల్ బొమ్మలన్నీ మార్చేశాడు. కింద ఒక ముక్క రాశాడు, 'అంతా సరిచేశాను, అందరూ క్షమించండి' అని. ఆరు నెలలుగా ఆ టెస్టులతోనే కుస్తీ పడుతున్నాడు. సరిచేయబోయి మొత్తం పాడుచేసుకున్నాడు. ప్రపంచమంతా వాడే లైబ్రరీ కదా, తట్టుకోలేకపోయాడు."

"అప్పుడు మీరెక్కడున్నరు?"

"నల్లకుంటలో, మా అక్కయ్య ఇంట్లో. రెండింటికే గేటు దాటాను. కెమెరా ఉంటుంది చూడండి. అక్కడే భోంచేసి, వచ్చేవారం ఫ్యాకల్టీ ఇంటర్వ్యూకి ప్రిపేరవుతున్నాను." చేతిలోని వెండిరంగు లాప్‌టాప్ మూశాడు. మూత మీద కొరికిన ఆపిల్ బొమ్మ.

"నువ్వు?"

"వారాసిగూడ రూముల ఒక్కదాన్నే ఉన్న," అంది నవత. "శనివారం అన్నతోని లొల్లి పెట్టుకున్న మేడమ్. నా పేరు కూడా 'గీత'ను చూసుకునేటోళ్ల లిస్టుల పెట్టమని. మీకెట్లన్నా తెలుస్తది, నేనే చెప్తున్న."

"ఆయన పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

శ్యామలాంబ తలదించుకుంది. "మా ల్యాబ్‌లో అందరివీ అందరికీ తెలుసమ్మా. ఎవరైనా ఊరెళితే పని ఆగకూడదని అలవాటు చేసుకున్నాం. తప్పే."

మూలన ఒక పాత కంప్యూటర్ ఉంది. దాని మీద నీలిగళ్ల లుంగీ కప్పి ఉంది. ముందు ఒక కాగితం అంటించారు. ఆరోన్ చేతిరాత. "మోడల్ బొమ్మలు పెద్దాయన మాత్రమే గీయాలి. 'నా సిస్టమ్‌లో పాసైంది' అన్నవాళ్లు అందరికీ చాయ్ తాగించాలి."

"పెద్దాయనంటే ఈ మిషనే," అంది నవత. "ఎవరి సిస్టమ్‌ల వాళ్లు గీస్తే తేడాలొస్తయని అన్న రూల్ పెట్టిండు. శనివారం పనయినాక లుంగీ కప్పి పోయిండు. అట్లనే ఉన్నది."

విజయశ్రీ లుంగీ మీద వేలు పెట్టి తీసింది. వేలికి దుమ్ము అంటింది.

*

పోస్ట్‌మార్టమ్ రిపోర్టు సోమవారం పొద్దున వచ్చింది. మరణం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య. తలకు దెబ్బ. ఒంటిమీద పెనుగులాట గుర్తుల్లేవు. పగిలిన లాప్‌టాప్‌లో ఏముందో చెప్పడానికి ఫోరెన్సిక్ వాళ్లు మూడు వారాలడిగారు.

ఆత్మహత్య అని రాసి ఫైలు మూసేయొచ్చు. పైనుంచి ఫోన్ కూడా వచ్చింది, క్యాంపస్ గొడవ పెంచొద్దని. విజయశ్రీ సరేనని ఫోన్ పెట్టేసి తార్నాక వెళ్లింది.

ఆరోన్ తండ్రి ఆనందరావు రిటైరైన లెక్కల టీచరు. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చర్చి నుంచి ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు నలుగురు గేటు దగ్గరే నిలబడ్డారు. లోపలి గది తలుపు మూసి ఉంది.

"మా ఆవిడ ఎస్తేరు నిన్నటి నుంచీ తలుపు తియ్యలేదమ్మా," అన్నాడు. "ప్రార్థనకు కూడా రానంది. ఏమని ప్రార్థన చెయ్యమంటారు అంది."

విజయశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ముప్పై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు చెప్పాను. ప్రాణం దేవుడిచ్చింది, దాన్ని తీసుకునే హక్కు మనకు లేదని. వాడూ నా ముందు చాప మీద కూర్చుని విన్నవాడే. ఇప్పుడు వచ్చినవాళ్లు ఓదారుస్తున్నారు గానీ నా మొహం చూడట్లేదు. బుధవారం భూస్థాపన. ఈలోపు ఒక్క మాట తేల్చమ్మా. మావాడు దూకాడా, లేదా?"

"దూకినా చెప్పమంటారా మాస్టారూ?"

"దూకినా చెప్పు. తెలీకుండా మట్టి వెయ్యలేను."

పోలీసుద్యోగంలో ఇలాంటి మాటకు బదులు చెప్పడం ఎవరూ నేర్పరు.

"మీవాడి దగ్గర ఎన్ని లాప్‌టాప్‌లుండేవి?"

"ఒక్కటే. అది కూడా ఎమ్మెస్సీలో కొన్నది. లినక్స్ వేసి లాక్కొస్తున్నాడు. ఆ ఆపిల్ కంపెనీ మ్యాక్ ఏదో ఒకటి నా దగ్గరుంటే ఆరు నెలల పని ఆరు రోజుల్లో అయిపోయేది నాన్నా, అనేవాడు. దాని ధర విని నేను నోరు మూసుకున్నాను."

విజయశ్రీ స్టూలు మీంచి లేచింది.

"ఇంకోసారి చెప్పండి. మ్యాక్ లేదా ఆయన దగ్గర?"

*

మంగళవారం పదకొండింటికి అందరినీ ల్యాబ్‌కు పిలిపించింది. గుమ్మంలో ఇన్నయ్య నిలబడ్డాడు. లుంగీ అలాగే ఉంది.

"నాకు కంప్యూటర్లు రావు," అని మొదలుపెట్టింది. "నవత దగ్గర రెండు పూటలు కూర్చొని నేర్చుకున్న. తప్పు చెప్తే ఆపున్రి."

స్క్రీన్ మీద మూడు వరుసలు.

"ఆదివారం మీరందరు ఎరుపు చూసిన్రు. పాపం, ఆరోన్ పని చెడిపోయిందన్నరు. ఎవ్వరూ ఈ మూడో వరుస చూడలే. మ్యాక్ వరుస. ఇది పచ్చగున్నది. నవతా, పోయిన వారం ఇది ఏ రంగు?"

"ఎరుపు మేడమ్. ఆరు నెలల సంది ఎరుపే. గ్రాఫుల మీద తెలుగు పేర్లుంటయి. మ్యాక్ ఆ అక్షరాలను తన పద్ధతిల గీస్తది. పెద్దాయన బొమ్మతోని కలవదు. అన్న కుస్తీ పట్టింది దానితోనే."

"ఆరు నెలలు కలవనిది ఆదివారం ఎట్ల కలిసింది?"

శ్యామలాంబ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమెకు అర్థమైపోయింది. "మోడల్ బొమ్మలు మ్యాక్ మీద గీస్తే కలుస్తాయి. అప్పుడు మిగతా రెండూ చెడతాయి."

"అంతే కద మేడమ్. ప్రోగ్రామ్ ఎవరూ ముట్టలే. బొమ్మలు మార్చిన్రు. సర్వర్ గీసిన బొమ్మ ఆరోన్ తీసుకోవచ్చా, నవతా?"

"రాదు. గీస్తది, పోలుస్తది, పారేస్తది."

"ఆరోన్‌కు మ్యాక్ లేదు. నీది విండోస్. ల్యాబ్ల ఉన్నవన్నీ లినక్స్. పెద్దాయన లుంగీ తియ్యనే లేదు, తనే పెట్టిన రూలు ఆరోన్ తప్పడు. మరి ఈ బొమ్మలు ఎవరు గీసిన్రు?"

అందరి చూపూ ఒకేచోటికి పోయింది. రఘువీర్ ఒడిలో వెండిరంగు లాప్‌టాప్ ఉంది.

"మ్యాక్ నాకొక్కడికే ఉందా మేడమ్? క్యాంపస్‌లో వందలున్నాయి."

"ఉన్నయి. ఆరోన్ పాస్‌వర్డ్ తెలిసినోళ్లల్ల మీకే ఉన్నది." విజయశ్రీ ఇన్నయ్య వైపు చూసింది. అతను వచ్చి లాప్‌టాప్ అందుకున్నాడు. రఘువీర్ వదల్లేదు. ఇన్నయ్య మెల్లగా వేళ్లు విడదీసి తీసుకున్నాడు.

"నేనెందుకు చేస్తాను?"

"అదే నాకూ తెల్వలే. నిన్న సాయంత్రందాంక. బొమ్మలన్నీ మారినయి కద, వెంట్రుకవాసి తేడా, అక్షరాలల్లనే. మందలో మేకను దాచినట్లు వాటి నడుమ ఒకటి దాచిన్రు. నవతా, చూపించు."

రెండు గ్రాఫులు పక్కపక్కన వచ్చాయి. వానకూ నగరం కాల్వల్లో పొంగే వరదకూ లెక్క చెప్పే గ్రాఫు, ఏడాదికో చుక్క. ఎడమది శనివారం పెద్దాయన మీద ఆరోన్ గీసింది. కుడిది ఆదివారానిది. ఎడమవైపు గీతకు చాలా పైన రెండు చుక్కలున్నాయి. కుడివైపు లేవు.

"ఇది మీ థీసిస్‌ల గ్రాఫు, రఘువీర్. నాలుగేండ్ల కింద శాంపిల్‌గా మీరే లైబ్రరీకి ఇచ్చిన్రు. అంకెలు ఉన్నవి ఉన్నట్లు ఇచ్చి, బొమ్మ మాత్రం థీసిస్‌లది ఇచ్చిన్రు. రెండు చుక్కలు చెరిపిన బొమ్మ. ఆ టెస్టు ఎప్పుడూ పాస్ కాలే. అక్షరాల తేడా అని అందరూ వదిలేసిన్రు. శనివారం ఆరోన్ వదిలెయ్యలే. మోడల్ సరిచేసిండు. ఆదివారం మిమ్మల్ని అడిగిండు."

శ్యామలాంబ ముందుకు వంగింది. "ఆ రెండు సంవత్సరాలూ నీ లెక్కకు లొంగలేదన్నమాట. ఆ థీసిస్ మీద సంతకం పెట్టింది నేను, రఘూ."

రఘువీర్ ఆమెను చూడలేదు.

"తోసిన్రు," అంది విజయశ్రీ. "నల్లకుంట పోయి, అక్క వడ్డించిన అన్నం తిని, ఆరోన్ పేరు మీద అంకెల్లోంచి ఆ రెండూ తీసేసి, బొమ్మలన్నీ మళ్లీ గీసి పంపిన్రు. క్షమించండని కూడా రాసిన్రు. రెండు నలభైకి ఆరోన్ బతికున్నట్లు లెక్క, మీరు దూరంగున్నట్లు లెక్క. ఆ పని ఏ ఫోన్ నెట్ మీద పోయిందో కంపెనీని అడిగినం. నల్లకుంట టవర్ అని వస్తే, మెట్ల కింద పడ్డ మనిషి నల్లకుంటకెట్ల పోయిండో మీరు చెప్పాలె."

రఘువీర్ తలవంచి, ఖాళీ అయిన ఒడిలో చేతులు పెట్టుకున్నాడు.

"ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమన్నాను. పది రోజులు. వినలేదు. తప్పు బొమ్మ లైబ్రరీలో ఒక్కరోజు కూడా ఉంచను అన్నాడు. ఇంటికెళ్లిపోతానని బ్యాగు తగిలించుకున్నాడు. మెట్ల మీద భుజం పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. తోశాను." తలెత్తాడు. మొహంలో నిజమైన ఆశ్చర్యం ఉంది. "పంపేముందు మొత్తం టెస్టులు నడిపి చూసుకున్నాను మేడమ్. నా సిస్టమ్‌లో అన్నీ పాసయ్యాయి."

నవత మూలనున్న కాగితం వైపు చూసింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

*

మధ్యాహ్నం ఒంటిగంట. తార్నాకలో ఎండ మండిపోతోంది. ఆనందరావు వరండాలో అదే కుర్చీలో ఉన్నాడు.

విజయశ్రీ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"మాస్టారూ, మీవాడు దూకలేదు. తోశారు. తప్పును ఒప్పని రాయనన్నందుకు తోశారు. మనిషి దొరికాడు, ఒప్పుకున్నాడు."

లోపల గడియ తీసిన చప్పుడైంది. ఎస్తేరు గుమ్మంలోకి వచ్చింది. రెండు రోజులుగా నీళ్లు కూడా ముట్టని మనిషి, తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏమన్నావమ్మా?"

"ఇంటికి వస్తున్నాడమ్మా. బ్యాగు తగిలించుకుని ఇంటికే బయల్దేరాడు."

ఎస్తేరు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుపు అప్పుడొచ్చింది. గేటు దగ్గరి ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఆమె చుట్టూ చేరారు. ఆమె ఎవర్నీ పొమ్మనలేదు.

ఆనందరావు రెండు చేతులూ పైకెత్తాడు. పెదవులు కదిలాయి.

"దేవునికి స్తో..."

అక్కడ ఆగిపోయాడు. దేనికి స్తోత్రం చెప్పబోయాడో అప్పుడు తెలిసింది ఆయనకు. చేతులు అలాగే ఉండిపోయాయి. విజయశ్రీ వెళ్లి, ఆ చేతుల్ని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.