చేపముల్లు తిరిగిన వైపు

ఆ రేవులో ప్రతి వంటింటి కిటికీలోనూ చక్కెర డబ్బా పక్కన ఒక రేడియో స్కానర్ ఉంటుంది. అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె. దాంతో మనం మాట్లాడలేం, వినడం ఒక్కటే. అమెరికాలోని ఈ మెయిన్ రాష్ట్రపు తీరంలో బోనులు వేసి లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే మగాళ్లు సముద్రం మీద రేడియోలో ఏమనుకున్నా ఒడ్డున ఆడవాళ్లకు తెలిసిపోవాల్సిందే. ఎవరి బోనులో ఏం పడింది, ఎవరి తాడు ఎవడు కోశాడు, ఎవడికి పెళ్లాం మీద అలకొచ్చింది... పాలు పోసి చేపల సూపు కాచుకుంటూ అన్నీ వినేస్తారు.

వాళ్లందరిలోకీ ఓరిన్ ఇంటి చెవి పెద్దది. ఇల్లు కొండ మీద. పొగగొట్టానికి ఇనప పట్టీలతో కట్టిన గొట్టం, దాని కొసన చువ్వలు చువ్వలుగా పొడుగాటి యాంటెన్నా. అచ్చం తినేసి పారేసిన చేపముల్లే. దాని ముక్కు ఎటుంటే అటు పదిహేను మైళ్ల అవతలి గుసగుస కూడా పట్టేస్తుంది. వీపు వైపు మాత్రం చెవుడు.

చేపముల్లు అని పేరు పెట్టింది ఓరిన్ భార్య వెర్నాకు తమ్ముడు, క్లేటన్. నిరుడు వేసవిలో అతని పడవలో పెద్ద రేడియో చెడిపోయింది. చేతిరేడియోతో నెట్టుకొచ్చేవాడు. దీవి అవతలి బండల దగ్గర్నుంచి దాని బక్క గొంతు ఇంకెవరికీ అందదు, ఒక్క ఓరిన్‌కు తప్ప.

“బావా, చేపముల్లు నా వైపే ఉందా?” రోజూ పొద్దున్నే అడిగి మరీ వెళ్లేవాడు.

“ఉందిరా. నువ్వు తుమ్మినా వినిపిస్తుంది.”

“అయితే ఇవాళ అక్క చేసిన బిస్కెట్లను తిడతా. ఆమెను దగ్గరికి రానివ్వకు.”

ఓరిన్ పైకప్పు ఎక్కితే నిచ్చెన పట్టేదీ క్లేటనే. ఆ నిచ్చెనకు ఒక కాలు పొట్టి. అడుగడుక్కీ టకటక ఊగుతుంది. క్లేటన్ అట్టడుగు మెట్టు మీద బూటు పెట్టి నొక్కాడంటే బండలా నిలబడేది.

నిరుడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం, రెండు గంటలప్పుడు, లోపలి ఊళ్లో ఒక గడ్డికొట్టం అంటుకుంది. మంటలార్పే వాళ్ల కేకలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. వెర్నా చర్చి విందుకు వండిపెట్టడానికి వెళ్లింది. ఓరిన్‌కు మనసు ఆగలేదు. ఐదు నిమిషాలేగా అనుకున్నాడు. ఊగే నిచ్చెన ఎక్కి, రెండు బోల్టులు వదులు చేసి, ముక్కును ఊరివైపు తిప్పాడు. అబ్బో, ఎంత బాగా వినిపించిందో! ఐదు నిమిషాలు కాస్తా నాలుగు గంటలయ్యాయి. పొగమంచు కమ్మిందని కూడా చూసుకోలేదు.

క్లేటన్ రాలేదు. పడవ బండల మీద దొరికింది. మనిషి దొరకలేదు.

జనం వచ్చి అడిగేలోపు ఓరిన్ పైకెక్కి ముక్కును మళ్లీ సముద్రం వైపు తిప్పేశాడు. “పొద్దుణ్ణుంచీ వింటూనే ఉన్నా. వాడు పిలవలేదు,” అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకునే వెర్నా ఏడాది బతికింది. “పిలిచే టైము కూడా లేదన్నమాట. చప్పున పోయాడు మా వాడు, బాధపడకుండా,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. చెప్పిన ప్రతిసారీ ఓరిన్ తన కాఫీ కప్పులోకి చూసేవాడు.

ఈ అక్టోబరు గాలివానకు ఆ గొట్టం వంగిపోయింది. కొత్తది తెచ్చుకుని, భోజనమయ్యాక ఎక్కాడు. నిచ్చెన టకటకలాడింది. చువ్వలు నిలువుగా ఉండేట్టు చూసి బిగించాడు. పడవల మీది యాంటెన్నాలు నిలువుగానే ఉంటాయి కదా, టీవీకిలా అడ్డంగా పడుకోబెడితే సగం మాట గాలిపాలే. తీగ కిటికీలోకి దిగేముందు కిందికి ఒక వంపు వదిలాడు, వాన నీళ్లు అక్కడే కారిపోయేట్టు. ఇక దిక్కు చూడాలి. ఇనప గొట్టం పక్కన దిక్సూచికి పిచ్చెక్కుతుంది. అందుకని అది ఇద్దరి పని. పైన ఒకరు తిప్పాలి, వంటింట్లో ఒకరు విని కేకెయ్యాలి.

ముక్కును బండల వైపు పెట్టాడు. “ఎలా ఉంది?”

“బుస్సుమంటోంది,” అంది వెర్నా కిటికీలోంచి. “తిప్పుతున్నావా, అక్కడే కునుకు తీస్తున్నావా?”

“నీ అరుపులకు కునుకు కూడానా!”

సముద్రం మీద తెల్లగా లేచింది పొగమంచు. చూస్తుండగానే దీవి మాయమైంది. తడిసిన తాళ్ల వాసన. కుళ్లిన ఎర వాసన. డీజిల్ వాసన. ఒడ్డున అలల చప్పుడు కూడా దూదిలో చుట్టినట్టయింది.

“ఆఁ... ఆగు. ఎవరో.”

“ఎవరు?”

“తెలీదు. సన్నగా ఉంది... పోయింది. కాస్త ఎడమకి.”

తిప్పాడు.

“ఇప్పుడు బాగుంది.”

ఓరిన్ ముక్కు వెంట చూశాడు. అటున్నది రేవు. అక్కడ పడవ ఒక్కటీ లేదు.

“మళ్లీ పోతోంది. ఇంకా ఎడమకి... అలా.”

ముక్కు ఇప్పుడు కొండెక్కే దారి మీద ఉంది. దారి మీద రేడియో ఎవరికుంటుంది?

“ఇంకా... ఇంకా... ఆపు.” ఆమె గొంతు మారిపోయింది. “ఓరిన్... ‘బావా’ అంటున్నాడు.”

చేతిలో పానా మంచుముక్కయింది.

“కట్టెయ్యి దాన్ని,” అన్నాడు. అన్నాననుకున్నాడు.

“టైము చెప్తున్నాడు. రెండున్నరంట... మూడంట... చేతులు తిమ్మిరెక్కాయంట. ఐదున్నర... నీళ్లు బండ మీదికొచ్చేశాయంట. బావ వింటున్నాడు, బావ ఎవరినో పంపిస్తాడు, అంటున్నాడు...”

ఓరిన్ మళ్లీ ముక్కు వెంట చూశాడు. తన ఇంటి గేటు.

“ఇక తిప్పక్కర్లేదు.” ఇప్పుడు గుసగుస. “ఎటున్నా వినిపిస్తోంది.”

గాలి లేదు. యాంటెన్నా కదలడం లేదు.

“అడుగుతున్నాడు, ఓరిన్... ఆ రోజు చేపముల్లు ఎటుందని. దీంతో మాట్లాడలేమని తెలుసు... అయినా, సముద్రం వైపే ఉందని చెప్పనా?”

అవును అంటే చాలు. ఏడాదిగా చెప్పిన మాటే. నోరు తెరిచాడు. పెదాల మీద ఉప్పు తగిలింది.

“కాదు,” అన్నాడు. “ఊరివైపు ఉంది. మంటల కబుర్లు వింటూ కూర్చున్నా. రెండింటి నుంచి ఆరింటి దాకా.”

స్కానర్ బుస్సుమనడం ఆగిపోయింది.

పైకెత్తి ఉన్న వంటింటి కిటికీ తలుపు నెమ్మదిగా కిందికి దిగింది. గడియ పడింది.

“వెర్నా?”

పానా జేబులో పెట్టుకున్నాడు.

దిగాలి. పొగమంచులో నిచ్చెన పై మూడు మెట్లే కనిపిస్తున్నాయి. కాలు పెట్టాడు. ఊగుతుందని ఒళ్లంతా బిగబట్టుకున్నాడు...

నిచ్చెన ఊగలేదు.

ఇంకో మెట్టు. ఊగలేదు.

కిటికీ గాజు ఎదురుగా వచ్చింది. లోపల వెర్నా ఇటు వీపు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

ఇంకో మెట్టు దిగాడు. నిచ్చెన బండలా ఉంది.