సంఘం మీటింగు

పొయ్యి మీద టీ మరుగుతోంది. బయట మంచు ఇంకా విడలేదు, ఇంటి వెనక కాఫీ తోట కనిపించడమే లేదు. కృపావతి భర్త ధర్మ తెల్లవారకముందే అరకు సంతకు వెళ్ళిపోయాడు. విశాఖపట్నంలో డిగ్రీ చదివే కూతురు సోని సెలవులకొచ్చి, గడపలో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"అమ్మా, నేను శనివారమే వెళ్ళిపోతాను. ఆదివారం మా సంఘం మీటింగుంది. నేనే మాట్లాడాలి."

టీ పొంగి నిప్పుల్లో పడింది. చెయ్యి చురుక్కుమన్నా కృపావతికి తెలియలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఆమె తమ్ముడు ఇదే గడపలో నిలబడి ఇదే మాట అన్నాడు. "సంఘం మీటింగుంది అప్పా, బేగొచ్చేత్తాను." అంతే. అడవిలో అన్నల్లోకి వెళ్ళాడో, పోలీసులు జీపెక్కించారో, ఎవరినడిగినా తెలియదన్నారు. ఆ తరువాత పాడేరు వైపు నుంచి ఏ జీపు వచ్చినా ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. వాడి పేరెత్తితే ఎవరు వింటారో, ఎవరొస్తారోనని ఇంట్లో అందరూ ఆ పేరే మానేశారు. కంటికి రెప్పలా పెంచిన పిల్ల నోట ఇప్పుడు మళ్ళీ ఆ మాట!

"ఏటి సంఘమే?"

"సినిమాల సంఘం అమ్మా. అందరం చీకటి గదిలో కూర్చుని..."

చీకటి గది అన్నాక ఆమె చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

సోని స్నానానికి వెళ్ళగానే కృపావతి ఆ పిల్ల సంచి తెరిచింది. నల్లటి అట్టలో ఒక సీడీ ఉంది. అట్ట మీద తెరిచిన తలుపు, దాని అవతల కటిక చీకటి. అంతలో కింద మలుపులో జీపు మూలిగింది. "ప్రభువా!" అనుకుంటూ పొయ్యి దగ్గరకు పరుగెత్తింది. జీపు ఆగలేదు, కాఫీ మొక్కలేసుకుని పై ఊరికి పోయింది. అయినా సీడీని మంటలో పెట్టబోతుంటే సోని వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా! ఏటి సేత్తన్నావు?"

"కాల్సేత్తాను. నువ్వెక్కడికీ ఎల్లొద్దు. సదువూ వద్దు, ఏటీ వద్దు. ఇంట్లో పడుండు!"

"అది సినిమా!"

"ఆడూ ఉత్త మీటింగే అన్నాడే!"

ఆడంటే మావయ్యేనని తెలిసి, అమ్మ భయం దేనికో సోనికి అప్పుడర్థమైంది. టీవీ పెట్టి, సీడీ వేసి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

భాష తెలియదు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. కొడుకు కనబడకుండా పోయిన ఒక తల్లి తలుపు ఎదురుగా కూర్చుంటుంది. ఎంతసేపటికీ ఆ తలుపే.

"ఆకరికి ఒత్తాడా?"

"రాడమ్మా. వాడి మొహం ఒక్కసారి కూడా చూపించడు డైరెక్టరు. ఇలాంటివాటిని డార్క్, అంటే చీకటి సినిమాలంటారు, చూస్తే భయమేస్తుందని చెబుతారు. ఈయన మాత్రం భయపెట్టడానికి తీయలేదు. ఆమె కూర్చున్నంతసేపూ మననీ ఆ తలుపు దగ్గర నుంచి లేవనివ్వడు. మ్యూజిక్ పెట్టి ఓదార్చడు కూడా. ఆదివారం నేను చెప్పేది అదే."

కృపావతి తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒచ్చేసినాడని సూపించుంటే అబద్దమైపోయేది," అంది.

"నాకెందుకు నచ్చిందో తెలుసా? మావయ్య ఎక్కడని అడిగితే చిన్నప్పుడు నువ్వు నా నోరు మూసేసేదానివి. నాకు భయం పోలేదమ్మా, పెరిగింది. మా సంఘం గదిలో మాత్రం సినిమా అయ్యాక భయం గురించి అందరూ పైకే మాట్లాడతారు."

కృపావతి కూతురి మొహంలోకి చూసింది. పిల్లను కాపాడుకుంటున్నాననుకుంది. ఇన్నేళ్ళూ తన భయాన్నే ముద్దలు కలిపి పెట్టిందని ఇప్పుడు తెలిసింది.

"ఆదివారం నానూ వత్తాను," అంది. "సీకట్లో నీ పక్కనే కూకుంటాను. నువ్వు మాటాడినప్పుడు ఆడి పేరు సెప్పు."

"భయం లేదా?"

"భయమేత్తంది. అయినా సెప్పు." కళ్ళు తుడుచుకుని, దూరాన ఉన్నవాడికి వినబడాలన్నట్టు, ఎనిమిదేళ్ళ తరువాత మొదటిసారి తమ్ముణ్ణి పిలిచింది.

"సుక్రూ!"