చిత్తలగిరి సరిజోడు

నాలుగు బురుజులతో, ఏనుగులు బారులు తీరి నడిచే రాజవీథితో, ఒకనాడు దక్షిణదేశమంతా కళ్లప్పగించి చూసిన చిత్తలగిరి దుర్గం ఆ గ్రీష్మంలో నాలుక పిడచగట్టి పడి ఉంది. మొగిలేరు రాజు సేన కొండ చుట్టూ ఉచ్చు బిగించింది. కింది ఏరు శత్రువుల వశమైంది, కోటలోని బావులు అడుగంటాయి. ఏనుగుల మాట దేవుడెరుగు, చంటిబిడ్డల నోట్లో పోయడానికి చెంబెడు నీళ్లు లేవు. బయటికి దారి లేదు, లోపల బతుకు లేదు.

ఆ దుర్గానికి దండనాయకుడు కేశమనాయకుడు. తండ్రిని పోగొట్టుకున్న చిన్న ప్రభువు గోపభూపతిని భుజాన మోసి పెంచినవాడు. జనం కళ్లెదుటే సొమ్మసిల్లుతుంటే చూడలేక అతడే శత్రువుకు కబురంపాడు: ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కడు గోదాలో దిగాలి, ఎవడి వీపు నేల తాకితే వాడు ఓడినట్టు. కోట గెలిస్తే ముట్టడి ఎత్తాలి, కోట ఓడితే తలుపులు తెరవాలి. ఇద్దరు రాజులూ కులదైవాల మీద ఆన పెట్టుకున్నారు. అన్నీ ఆలోచించారు గానీ, ఇద్దరూ సమానమైతే ఏమిటన్నది మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే ఎదుటివాడు తమకు సాటి అని ఒప్పుకున్నట్టే కదా! ఔరా, రాజుల అహం!

కోట తరఫున కేశమనాయకుడే దిగాడు. అటు నుంచి ఎర్రయజెట్టి వచ్చాడు, మొగిలేటి సీమలో పేరుమోసిన మల్లుడు. కోటగుమ్మం ఎదుటి మైదానంలో పొద్దున్నే మొదలైన పోరు ఎండ నడినెత్తికెక్కినా తెగలేదు. చివరికి ఒకరినొకరు పెనవేసుకుని పడ్డారు, ఇద్దరి వీపులూ ఒక్కసారే నేల తాకాయి. ఇరుపక్షాలూ ఒప్పుకుని తెచ్చుకున్న మధ్యవర్తి, ముసలి జెట్టి బసవన, చేతులు రెండూ పైకెత్తి "సరిజోడు!" అన్నాడు.

ఎర్రయజెట్టి లేచి కేశమనాయకుడికి చేయి అందించాడు. తన రాజు వైపు తిరిగి, "దేవరా! ఇద్దరమూ గెలిచాము. గెలుపును పంచిపెట్టండి. కోట మనకు, ప్రాణాలు వారికి. పిల్లాజెల్లాతో, ఆయుధాలతో వారిని పోనివ్వండి" అని వేడుకున్నాడు. ముట్టడితో విసిగిపోయిన మొగిలేరు రాజు కాసేపు మీసం దువ్వి, "కోటవారు సమ్మతిస్తే మాకూ సమ్మతమే" అన్నాడు. కేశమనాయకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. హమ్మయ్య, జనం బతికారనుకున్నాడు పాపం.

కానీ బురుజు మీద చిన్న ప్రభువు పక్కనే మారన ప్రెగ్గడ ఉన్నాడు. పేరుకు మంత్రి, లోపలంతా విషం. కేశమనాయకుడు ఓడితే తాళాలు తన చేతులతో అప్పగించి, ఆ కోటకు తానే అధికారి కావాలని శత్రు సేనానులతో లోపాయికారీగా మాట కలుపుకున్నవాడు. జనం వెళ్లిపోతే పాడుగోడలను ఏలుకుంటాడా?

"ప్రభూ!" అన్నాడు చెవిదగ్గర చేరి. "సగం గెలుపంటే పూర్తి ఓటమి. నాయకుడు అమ్ముడుపోయాడు. కాకుంటే శత్రువు చేయి పట్టుకుంటాడా? మళ్లీ పోరాడమనండి. గెలిచేదాకా తలుపు తీయవద్దు."

దాహంతో, అవమానంతో ఉడికిపోతున్న చిన్న ప్రభువు ఆ మాట నమ్మేశాడు. కోటతలుపు అడ్డగడియలు దడదడా పడ్డాయి.

కేశమనాయకుడు తలెత్తి చూశాడు. "ప్రభూ! నేను దాచుకున్న బలమేదీ లేదు. మళ్లీ లేస్తే ఓడతాను. నేను ఓడితే లోపలున్న ప్రతి ప్రాణమూ శత్రువు చేతికి చిక్కుతుంది. న్యాయంగా వచ్చిన సగాన్ని స్వీకరించండి. నన్ను ద్రోహి అనుకున్నా సరే, జనాన్ని బయటికి పంపండి!"

"గెలిచి మాట్లాడు, నాయకా!" అని పైనుంచి బదులొచ్చింది. తాను ఎత్తుకుని పెంచిన బిడ్డ గొంతు అది. కేశమనాయకుడు అక్కడే కూలబడ్డాడు. వెనక్కి పోనివ్వరు, ముందుకు పోలేడు.

ఎర్రయజెట్టి తన నీళ్లకుండ తెచ్చి ముందుంచాడు.

"తాగు నాయకా."

"లోపల బిడ్డలు తాగని నీళ్లు నా గొంతు దిగవయ్యా. నువ్వు కానివ్వు. లేచి నిలబడతాను, పడగొట్టు."

"గొంతెండిన వాడిని పడగొట్టి నేనేం కట్టుకుపోతాను? మా రాజు తిడితే తిట్టనీ" అంటూ జెట్టి కోటకు వీపు పెట్టి అతడి ఎదుట చతికిలబడ్డాడు. ఇరుసేనలూ నోరు తెరుచుకుని చూస్తుండగా ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.

మారనకు ఒళ్లు మండింది. జెట్టిని చంపితే శత్రుసేన కోపంతో విరుచుకుపడుతుంది, ఆ గలాటాలో తలుపు తాను తెరవవచ్చు. పక్కనున్న తన మనిషికి కనుసైగ చేశాడు.

విల్లు వంగడం కేశమనాయకుడు చూశాడు. అరిచే వ్యవధి లేదు. ఉన్నపాటున ఎగిరి జెట్టిని వెల్లకిలా పడదోసి, తానే అతడి మీద అడ్డుగా పడ్డాడు. బాణం అతడి వెన్నులో దిగబడింది.

మొగిలేరు సేన హోరుమంటూ కదిలింది. జెట్టి కిందనుంచే చేయెత్తి గావుకేక పెట్టాడు. "ఆగండి! నా వీపు నేల తాకింది! నేను ఓడాను!"

అతడి మీద వాలి ఉన్న కేశమనాయకుడు తల అడ్డంగా ఊపాడు. "కాదు... అది పట్టు కాదు, తోపు. లెక్కలోకి రాదు. సరిజోడే..."

"ఊరుకో నాయకా, నీకు దండం పెడతాను, ఊరుకో!" అని ఏడ్చాడు జెట్టి.

మొగిలేరు రాజు మధ్యవర్తి వైపు చూశాడు. బసవన వచ్చి ఇద్దరినీ తేరిపార చూశాడు. "వీపు తాకింది. నేను చూశాను" అన్నాడు. రెండు సేనల ఎదుట పెట్టిన ఆన! రాజు పళ్లు కొరికి ముట్టడి ఎత్తమన్నాడు.

తాళాలతో తలుపు దగ్గరికి పరుగెత్తిన మారనను, బాణం ఎవరి మనిషిదో చూసిన కోటభటులు అక్కడే పట్టి కట్టేశారు. జనం కుండలతో ఏటికి పరుగులు తీశారు. గోపభూపతి మాత్రం కాలికి చెప్పులైనా లేకుండా గోదాలోకి వచ్చి పడ్డాడు. అప్పటికే అంతా అయిపోయింది.

"చివరికి ఏమన్నాడు?" అని అడిగాడు.

జెట్టి నాయకుడి తలను తన ఒడిలోంచి ప్రభువు ఒడిలోకి మార్చాడు.

"తాను గెలవలేదన్నాడు ప్రభూ. ప్రాణం పోతున్నా మీతో అబద్ధమాడలేకపోయాడు."