మూల సిస్టంలో సుందర్ రాజ్

గాజువాకలో ఒక మేడ మీద కంప్యూటర్ సెంటరుండేది. అందులో మూల సిస్టం అంటే పిల్లలకి హడల్. ఎంత రద్దీ అయినా ఆ కుర్చీ ఖాళీయే. అక్కడ కంప్యూటర్ నేర్పిన సుందర్ రాజ్ మాస్టారు పోయాక కూడా అక్కడే కూచుంటన్నాడని చెప్పుకొనేవారు...

నాను చూళ్ళేదు. మా సూరన్న బావ చూశాడు. యూపీఎస్ బాగుచెయ్యడానికి ఆ సాయంత్రం అక్కడే ఉన్నాడు.

ముందు ఆ పాపిష్టి ఓనరు వీర్రాజు సంగతి చెప్పాలి. పోర్టులో కంటైనర్ల లెక్కచూసే సాఫ్ట్‌వేరు మాస్టారు రాశాడు. మూల సిస్టంలో విండోస్ పక్కనే లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం వేసుకుని, అందులో రాశాడు. ఆన్ చేస్తే రెండింట్లో ఏది కావాలని మెనూ అడిగేది. ఏదీ నొక్కకపోతే లైనక్సే తెరుచుకునేది.

పని పూర్తయ్యాక వీర్రాజు కాపీ తీసుకుని, మాస్టారే దొంగ అని నలుగురిలో గెంటేశాడు. ఆ అవమానంతో మనిషి మంచంపట్టి పోయాడు. వీర్రాజు విండోస్ మళ్ళీ ఎక్కించాడు. మెనూ మాయం. లైనక్స్ కూడా పోయిందనుకున్నాడు వెధవ! పోయింది దారే... లోపలిల్లు అలాగే ఉంది.

ఆ సాయంత్రం సాఫ్ట్‌వేరు కొనడానికి షిప్పింగ్ ఆఫీసు భీమశంకరరావు గారు వచ్చారు. మాస్టారి భార్య పుష్పకుమారి కూడా వచ్చింది, భర్త సామాను పట్టుకెళ్ళడానికి.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మంచి సిస్టం ఇదే" అని వీర్రాజు మూలనే కూచుని చూపించడం మొదలెట్టాడు.

దీపాలు పెట్టే వేళ. రోజూలాగే కరెంటు తీసేశారు. యూపీఎస్ ఇంకా బాగవలేదు, సిస్టం ఆగిపోయింది.

చీకటి... కాసేపటికి కరెంటు వచ్చింది. సిస్టం తనంతట తానే లేచింది. నల్లటి తెర మీద — మెనూ!

"ఏటిది... తీసేశాను కదా!" అన్నాడు వీర్రాజు. ఏ మీటా నొక్కకుండా తెరకేసి చూస్తున్నాడు.

లైనక్స్ తెరుచుకుంది. సుందర్ అని పేరు పడింది. పాస్‌వర్డ్ గడిలో ఒక్కో చుక్కా పడింది. సాఫ్ట్‌వేరు వచ్చి నిలబడింది — కింద మాస్టారి పేరు, మొదటి రోజు నుంచీ రాసిన ప్రతి ముక్కా, తేదీలతో సహా.

భీమశంకరరావు గారు మొత్తం చదివారు.

"దొంగ ఎవరో తెలిసిందయ్యా. పద, స్టేషన్‌కి."

పుష్పకుమారి దగ్గరకొచ్చి, సిస్టంలోంచి ఒక ఫ్లాపీ లాగింది.

"మెనూ పోతే మళ్ళీ తెప్పించడానికి పనికొస్తాదని మా ఆయన చేసుకున్నదిది. రోజూ ఈ వేళకి కరెంటు పోతాదని తెలిసే, సామాను తీస్తా నానే పెట్టినాను. నా భర్తని దొంగన్న నోరు ఇప్పుడు తెరువు బాబూ!"

హమ్మయ్య, ఫ్లాపీయా! సూరన్న బావకి ప్రాణం లేచొచ్చింది. సామాను సంచీ అందుకుని ఆమెతో మెట్లు దిగాడు.

"బాగా బుద్ధి చెప్పావమ్మా. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడు కొట్టావు? నాకు కనపడనేలేదు."

పుష్పకుమారి మెట్టు మీదే ఆగిపోయింది.

"నాను కొట్టలేదన్నయ్యా... అది ఆయన నాకు కూడా చెప్పలేదు."