పెద్దమ్మ ఇల్లు

ఆ ఆదివారం ఉదయం కోడలి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆస్పత్రి కోసం విరాళాలు అడిగి తేవడం ఆమె ఉద్యోగం. సెలవురోజుల్లో ఆ నేర్పునే పేటలోని ఆడవాళ్ళ దాతల బృందానికి ఊరికే ఇస్తోంది. నెలకోసారి వాళ్ళంతా కూర్చుని, తలా కొంత వేసిన సొమ్ము ఎవరికివ్వాలో చేతులెత్తి తేల్చుకుంటారు. మొగుడి దెబ్బలు తట్టుకోలేక వచ్చేసిన ఆడవాళ్ళకు నీడనిచ్చే ఇల్లొకటి మూతపడేలా ఉంది. నిన్న ఆ ఇంటి తరఫున కోడలు మాట్లాడాక లేవని చెయ్యి లేదు.

ముందు గదిలో అత్తగారు ఎవరిదో కోటు లోపలి గుడ్డ విప్పుతోంది. ఆవిడ బట్టలు కుట్టే బతికింది, కొడుకుని పెంచింది. కొడుకు పేపరు చదువుతూ పైకే విసుక్కుంటున్నాడు. కోడలు కాఫీలిచ్చి, తన గెలుపు సంగతి మళ్ళీ మొదలుపెట్టింది.

"సంతోషం. గెలిచినవాళ్ళు గిన్నెలు తోమకూడదని రూలేమైనా ఉందా?" అంది అత్తగారు. ముగ్గురూ నవ్వారు.

అంతలో తలుపు చప్పుడైంది. వచ్చింది బృందంలోకెల్లా పెద్దావిడ, రిటైరైన టీచరు. కుట్టించుకోవడానికని ఏదో గుడ్డ తెచ్చిందిగానీ అది వంక మాత్రమే. నేరుగా వెళ్ళి అత్తగారి చేతులు రెండూ పట్టుకుంది.

"నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని, చీకట్లో ఒక కాలికి మీ చెప్పు, ఇంకో కాలికి ఆయన చెప్పు తొడుక్కుని వచ్చేశారటగా. ఆ ఇంట్లోనే ఏడాది తలదాచుకున్నారట. విన్నప్పట్నుంచీ నాకు నిద్రలేదు తల్లీ."

అత్తగారు చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. గుడ్డ ఎప్పటికి కావాలని మాత్రం అడిగింది. ఏదో పొరపాటు జరిగిందని టీచరుకి అర్థమై, తొందరగానే వెళ్ళిపోయింది. కొడుకు పేపరు మడిచాడు. తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. మేడమీదికి వెళ్ళిపోయాడు.

కోడలు జ్వరంతో ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు, పక్కన కూర్చుని అత్తగారు తనకొక్కదానికే చెప్పుకున్న సంగతి అది. సమావేశంలో పేరు చెప్పలేదు. కానీ ఇదంతా కట్టుకథ కాదు కదా అని ఎవరో అనేసరికి రోషం వచ్చి, ఆవిడా తనూ రోజూ ఒకే ఇంట్లో కలిసి భోంచేస్తున్నామని అనేసింది. ఈ ఇంట్లో ఉన్నదే ముగ్గురు.

"పేరు చెప్పలేదు అత్తయ్యా. మంచికే కదా అని..." అంది. ఆ మాట ఎంత పేలవంగా ఉందో తనకే తెలుస్తోంది.

"మంచికేనని నాకు తెలుసు." అత్తగారి గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "వాడికి మాత్రం అది పెద్దమ్మ ఇల్లనే చెప్పాను. బోలెడంతమంది పిల్లలు, అందరికీ ఒకటే పొడుగాటి గది, రోజంతా ఆటలు. ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతాడు, నీకూ చెప్పాడుగా. వాడి చిన్నతనంలో నేను ఇవ్వగలిగింది ఆ ఒక్క అబద్ధమే."

కోడలు ఏడ్చేసింది. అత్తగారు వద్దనలేదు, ఓదార్చలేదు.

"ఊళ్ళో అందర్నీ అడుగుతావు. అడగడమే నీ పని. నన్నొక్కదాన్నే అడగలేదేమ్మా?"

కోడలు కళ్ళు తుడుచుకుని వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇదే కథ ఇంకో బృందం ముందు చెప్పమని తనను పిలిచారని, అక్కణ్ణుంచి ఆ ఇంటికి చాలా సాయం రావచ్చని దాచకుండా చెప్పింది.

"ఇప్పుడు అడుగుతున్నాను అత్తయ్యా. చెప్పనా, వద్దా?"

"వద్దు."

ఎవరైనా వద్దంటే ఒప్పించడానికి కోడలి దగ్గర పది మాటలుంటాయి. ఆ పదీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ సరేనంది.

కొడుకు కిందికి దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కడ నీకెలా ఉండేదమ్మా?"

"నువ్వు ఆడుకుంటుంటే చూస్తూ కూర్చునేదాన్నిరా," అంది ఆవిడ. ఇన్నేళ్ళూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"నాకు మాత్రం అది పెద్దమ్మ ఇల్లేనమ్మా," అంటూ అతను తల్లిని దగ్గరికి తీసుకున్నాడు.

వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనిద్దామని కోడలు లేవబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వూ కూర్చో," అంది. తర్వాత మధ్యాహ్నం దాకా ఆ ఇంటి గురించీ, ఆ ఏడాది గురించీ చెబుతూనే ఉంది.

ఆ చెప్పినవాటిలో ఒక్క ముక్క కూడా కోడలు ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు.