నోరు లేని అత్త

మిట్టమధ్యాహ్నం... ప్రేతాలు తిరుగాడే వేళ! ఆకాశం ఒక్కసారిగా కాటుక పూసినట్టు నల్లబడింది. ఎక్కడో ఒక గుడ్లగూబ పట్టపగలే కూసింది...

విశ్వవిద్యాలయంలో ప్రాచీన మతాల శాఖ మెట్లెక్కుతున్న వదిన తలెత్తి చూసింది. చేతిలో ఆడపడుచు చిట్టికి తెచ్చిన క్యారేజీ. మనసులో అనుమానం.

ఈమధ్య చిట్టి ఎండుకట్టెలా అయిపోతోంది. నిద్రలో మగగొంతుతో గొణుగుతోంది. ఆమె దువ్వెన మాయమైంది. చిట్టికి ముందు ఇక్కడ పరిశోధన చేసిన పిల్ల కూడా ఇలాగే ఎండిపోయి కన్నుమూసిందట. ఆ తర్వాతే వాళ్ళిద్దరికీ గురువైన ముసలి ఆచార్యుడి తెల్లజుట్టు నల్లబడిందట!

గదిలో గాజుపెట్టె తెరిచి, కపాలాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది చిట్టి. దాని నుదుట సిరాతో వేసిన అంకె. ఎదురుగా గ్లాసుడు నీళ్ళు.

"ఇదేం పనే?"

"ఈ పాతమతాన్ని ఇప్పుడు మళ్ళీ పాటిస్తున్నవాళ్ళు ఉన్నారు వదినా. వాళ్ళింటికెళ్ళి అడిగాను. ఇది వంశంలో తొలి ఇల్లాలి పుర్రెట. అత్తా అని పిలుస్తారు. అత్త దాహం తీరాకే కోడలు తాగాలి."

"కింది దవడే లేదుగా! నోరు లేని అత్త... అదృష్టమంటే నీదే. నేను మీ అమ్మతో వేగుతున్నా చూడు!"

"ఆ కొత్తభక్తుల మాటలు సాక్ష్యం కావు!" గుమ్మంలో ఆచార్యుడు నవ్వుతున్నాడు. "సెలవురోజు కాలక్షేపానికి కట్టే వేషాలవి. పాతవాళ్ళు బలిచ్చిన బందీ పుర్రె ఇది. పిలిచినవాడికి బానిస. మీరిక వెళ్ళండమ్మా, మాకు పనుంది."

అతని కోటు జేబులోంచి దువ్వెన పళ్ళు తొంగిచూశాయి!

వదిన నోరు తెరిచేలోపే ఆమెను బయటికి నెట్టి గడియ వేశాడు. ఆమె తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. నేలమీద భస్మవలయం... అందులో పడి ఉన్న చిట్టి, తేలిపోయిన కళ్ళతో... దువ్వెనలోంచి లాగిన చిట్టి వెంట్రుకలు కపాలం చుట్టూ చుడుతున్నాడు ఆ దుర్మార్గుడు!

"బానిసా! దీని ఆయువు నాకు ధారపొయ్!"

ఫెళఫెళా పిడుగు! చిట్టి బుగ్గలు లోపలికి కుంగిపోతున్నాయి...

"అత్తమ్మా!" వదిన తలుపు బాదింది. "అది నీ కోడలమ్మా! రోజూ నీకు నీళ్ళిచ్చిన పిల్ల!"

చిట్టి లేచి కూర్చుంది. ఆమె కంఠంలోంచి... యుగాల నాటి వృద్ధస్త్రీ స్వరం!

"ఎవడ్రా నన్ను బానిస అన్నది? నా కోడలి జుట్టు ముట్టింది ఎవడు?"

గాజుపెట్టె భళ్ళున పగిలింది. ఆచార్యుడు వెనక్కి జరిగాడు. తాను గుప్పిట్లో పెట్టుకున్నది బందీని కాదు... ఇంటి తల్లిని!

"తప్పయిపోయింది తల్లీ!"

"నీకు తల్లినెప్పుడయ్యానురా?"

నల్లజుట్టు తెల్లబడింది. చర్మం ముడతలు పడింది, ఎండింది, పొడిగా రాలింది... ఆర్తనాదం ఆగేసరికి నేలమీద ఖాళీ కోటు, గుప్పెడు బూడిద!

గడియ దానంతటదే ఊడింది. వదిన పరుగున వెళ్ళి చిట్టిని ఒళ్ళోకి తీసుకుంది. పెదవులు తడుపుదామని గ్లాసు అందుకుంది.

గ్లాసు అప్పటికే ఖాళీ...

ఆ సాయంత్రం ఇంట్లో వదిన మంచినీళ్ళు తాగబోయి చటుక్కున ఆగింది. ఆ గ్లాసు తీసుకెళ్ళి ముందు అత్తగారి చేతికిచ్చింది.

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది.

"ఇందులో ఏం కలిపావే?"